మూడు మీటర్ల ఖాళీ

చిలుకూరు రోడ్డు పక్కన, మృగవని కంచె లోపల
ఒక గీత ఉంది.
మ్యాపులో వెతికితే దొరకదు.
కొడవలితో, దంతెతో, చీపురుతో గీసింది.
ఈ పక్క నడుం లోతు ఎండుగడ్డి,
ఆ పక్క నడుం లోతు ఎండుగడ్డి,
నడుమ మూడు మీటర్ల ఎర్రమట్టి.
ఫిబ్రవరి నుంచి బుచ్చవ్వ దాన్నే ఊడుస్తోంది.
ఊడ్చిన చోటే ఆకు రాలుతుంది.
తిట్టదు. వెనక్కి వచ్చి
మళ్లీ ఊడుస్తుంది.

"అడవికి వాకిలి ఊడవడమేంటవ్వా,
ఎవరొస్తారని?"
మొదటి రోజు నవ్వుతూ అడిగాను,
వేళ్ల మధ్య సిగరెట్.
"రావొద్దనే ఊడుస్తున్న,"
అంటూ చెయ్యి చాపింది.
పైసలనుకుని జేబు తడుముకున్నాను.
"పైసలు గాదు. అది."

ఆమె కొంగులోంచి ఒక జర్దా డబ్బా వచ్చింది.
అడుగున తడి ఇసుక,
ఇసుకలో తలకిందులుగా బీడీలు, సిగరెట్లు,
పొద్దుటి నుంచి ఏరినవి.
"పందొమ్మిది. నీది ఇరవై.
ఇరవైట్ల ఒక్కటి సాలు."

ఏప్రిల్‌లో ఇక్కడ గాలికి ముళ్లుంటాయి.
సీతాఫలం పొదలు కొమ్మలుగా మిగిలాయి.
నెమలి ఒకటి
సిమెంటు తొట్టి దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది,
అరవడానికి కాదు.
పదకొండు దాటిందంటే బుచ్చవ్వ చీపురు పక్కన పెడుతుంది.
నెత్తిన తడి తువ్వాల, రొంటిన ఉల్లిగడ్డ,
సీసాలో ఉప్పేసిన మజ్జిగ.
"ఇంకా సగం ఉంది కదా పని?"
"షబ్బీరన్న గిట్లనే అన్నడు."

నిరుడు ఆ తుమ్మచెట్టు కింద కూర్చున్నాడట షబ్బీర్.
ఒంటి మీద చెమట ఆగిపోయింది.
"సల్లవడ్డడనుకున్నం.
సీమ గూడ లేపకపాయె.
కొడుకా, చెమట ఆగుడంటే సల్లవడుడు గాదు.
మాకప్పుడు తెల్వదు.
తెలిసినోళ్లు దూరమున్నరు."
డబ్బా మూత బిగించింది.
మూత లోపల మేకుతో గీకిన ఉర్దూ అక్షరాలు.
ఆమెకు చదవడం రాదు. నాకూ రాదు.

అడగకుండానే చెప్పింది మిగతాది,
బస్సు దాకా నడుస్తూ:
"నిప్పుకు గుట్టెక్కుడంటే సంబురం,
నువ్వు గుట్ట మీదికి ఉరుకకు.
గాలి ఎటు పోతుందో సూసి, అడ్డం తిరుగు.
ఏం తోయకుంటే కాలిన జాగల నిలవడు.
కాలింది మల్ల కాలది."
కొంచెం ఆగి,
"మనుషుల కాడ ఈ మాట నడువది."

నార్సింగిలో పద్నాలుగో అంతస్తు నాది.
శనివారం రాత్రి బాల్కనీలోంచి చూస్తే
చీకట్లో నారింజరంగు కుట్టు,
ఎవరో అడవికి మిషన్ మీద జరీ అంచు వేస్తున్నట్టు.
అందంగా ఉంది. సిగ్గుతోనే చెబుతున్నాను,
ఫోన్ తీసింది మొదట ఫోటోకి.
తర్వాత ఫైర్ వాళ్లకి.
"కరెక్టుగా ఎక్కడ సార్? ల్యాండ్‌మార్క్?"
అడవికి ల్యాండ్‌మార్క్ ఏం చెప్పను?
"గీత దగ్గర," అన్నాను.
"ఏ గీత సార్?"
"బుచ్చవ్వ ఊడ్చిన గీత."

వాళ్లు రావడానికి ఎంత సేపైందో నాకు తెలియదు.
తెల్లారి వెళ్లి చూశాను.
ఈ పక్క నేలంతా కాటుక,
మాడిన తొండ ఒకటి, పగిలిన బీరు సీసా ఒకటి.
ఆ పక్క అదే పసుపు గడ్డి, గాలికి ఊగుతూ,
ఏమీ జరగనట్టు.
నడుమ మూడు మీటర్ల ఏమీలేనితనం.

శభాష్ అనబోయాను.
బుచ్చవ్వ నా వైపు చూడలేదు.
రాత్రి గాలికి గీత మీద పడిన ఆకుల్ని
అంచుకు తోస్తోంది.
"ఇంకా ఏడు వారాలున్నది మిరుగానికి," అంది,
"జరుగు, ఆకు మీద నిలవడ్డవు."

జరిగాను.
జేబులో ఖాళీ జర్దా డబ్బా చప్పుడైంది.
నిన్ననే కొన్నాను మెహదీపట్నంలో.
ఇసుక ఇంకా పోయలేదు.